కౌంటరు ముందు తెల్లమచ్చ

ఆమెకో పేరుంది, కానీ ఊళ్లో ఎవరూ దాంతో పిలవరు. అందరికీ ఆమె గచ్చక్క. ఎవరింటికెళ్లినా ముందు మనిషి మొహం చూడదు, నేల చూస్తుంది. నేల బాగుంటే కూర్చుంటుంది, లేకపోతే నిలబడే మాట్లాడి వచ్చేస్తుంది. ఈ గుణం వల్ల చుట్టాల్లో సగంమంది ఆమెని పిలవడం మానేశారు. మిగతా సగంమంది ఆమె వస్తోందంటే పొద్దున్నే లేచి ఇల్లు కడుక్కుంటారు.

నలుగురిళ్లలో అంట్లు తోమి తోమి చివరికి సొంత వ్యాపారం పెట్టింది. వ్యాపారం అంటే పెద్ద మాటే. కాసిని బకెట్లు, మాపులు, గట్టి బ్రష్షులు. మనుషులు ముగ్గురు: ఆమె, ఆమె తోటికోడలు, వాచ్‌మన్ ఉద్యోగం మానేసి ఇంట్లో తోచక తిరిగే మామగారు. తోటికోడలికి ఎడమచెయ్యి చిన్నప్పటి నుంచీ సరిగా లేవదు. కుడిచేత్తో అద్దం తుడిచిందంటే మాత్రం, కిటికీ తెరిచి ఉందనుకుని పిచ్చుక వచ్చి ముక్కు కొట్టుకోవాల్సిందే. మామగారు నీళ్లు మోస్తాడు, మోసినంతసేపూ సలహాలిస్తాడు. సలహాలకి జీతం లేదు.

ఆ చిన్న నగరంలో శుభ్రం చేసే పనులన్నీ నోటిమాట మీదే దొరుకుతాయి. బట్టలకొట్టు యజమాని పళ్లడాక్టరుకి చెబుతాడు, పళ్లడాక్టరు ట్యూషన్ సెంటరు వాళ్లకి చెబుతాడు. అలాంటిచోట ఓ పెద్ద కంపెనీ దిగింది. నీలం యూనిఫారాలు, నేలమీద దొర్లే యంత్రం, నిమ్మకాయ వాసన, అన్నిటికీ మించి తక్కువ రేటు. బట్టలకొట్టు అటు పోయింది. దాని వెనకే పళ్లడాక్టరూ పోయాడు. గచ్చక్క వాళ్లని తిట్టలేదని కాదు, తనివితీరా తిట్టింది. తిట్లతో కడుపు నిండదని ఆమెకీ తెలుసు.

అంతలో బస్టాండు పక్కనున్న మూడంతస్తుల ఆసుపత్రికి పనివాళ్లు కావాలని తెలిసింది. అది దొరికితే ముగ్గురూ బతుకుతారు. దొరక్కపోతే వ్యాపారం మూతపడినట్టే. ఆసుపత్రి మేనేజరు కంపెనీనీ, గచ్చక్కనీ ఒకేరోజు పిలిచి పనితనం చూపించమన్నాడు.

కంపెనీ యంత్రం కింది హాలంతా ఓ చుట్టు చుట్టి నిగనిగలాడించింది. సూపర్‌వైజరు చేతులు దులుపుకుంటూ గచ్చక్క దగ్గరికొచ్చాడు.

"ఎందుకక్కా ఈ తంటాలు? మా దగ్గర చేరిపో. నిన్నొక్కదాన్నే తీసుకుంటాం. చెయ్యి లేవని ఆవిడా, ఆ ముసలాయనా మాకెందుకు?"

తోటికోడలు వింది. ఎడమచేతిని కొంగు కిందకి లాక్కుంది. అది చూసేసరికి గచ్చక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్తచోట నేలని ముందుగా తలుపు వెనక, ఎవరికీ కనపడని మూలలో రుద్ది చూడాలి. ఈ పనిలో మొదటి పాఠం అదే. తోటికోడలికి ఆ పాఠం నేర్పింది కూడా తనే. అయినా ఆ కోపంలో తిన్నగా కౌంటరు ముందు మోకాళ్ల మీద కూలబడి, నేల కడిగే మందు పోసి, బరబరా రుద్దేసింది.

నీళ్లు తుడిచాక బూడిదరంగు హాలు నడిబొడ్డున పళ్లెమంత మీగడరంగు మచ్చ తేలింది.

"ఏం పోశావమ్మా? నేల రంగు పోయింది!" మేనేజరు కేకేశాడు.

"పోయింది రంగు కాదు సార్, మురికి."

"నేనొచ్చిన దగ్గర్నుంచీ ఈ నేల బూడిదరంగే! సోమవారం పొద్దున పెద్దడాక్టరు గారొస్తారు. అప్పటికి ఆ మచ్చ పోవాలి. లేదంటే పని కంపెనీకే."

కంపెనీవాళ్లు యంత్రం తోసుకుంటూ నవ్వుకుంటూ వెళ్లారు. గచ్చక్కకి తల కొట్టేసినట్టయింది. ఎవరో చేసిన అన్యాయమైతే ఎదిరించవచ్చు. ఇది కొరివితో తన తల తనే గోక్కోవడం.

"మాపు పిండిన నీళ్లు దానిమీద పోసేద్దాం అక్కా. కలిసిపోతుంది," అంది తోటికోడలు.

"కడిగినదాన్ని మళ్లీ మురికి చేసే రోజొస్తే ఈ బ్రష్షు పారేసి ఇంట్లో కూర్చుంటా. హాలంతా చేసేద్దాం."

ఆదివారం పేషెంట్లను చూడరు. ముగ్గురూ పొద్దున్నే హాల్లో దిగారు. కుర్చీలు బయటపెట్టారు. రుద్దడం, తుడవడం, నీళ్లు మార్చడం. మధ్యాహ్నానికి సగం కూడా అవలేదు. గచ్చక్క వేళ్లు వాచి బ్రష్షు పట్టు దొరకడం లేదు. మామగారు సలహాలివ్వడం మానేశాడు. అప్పుడు వేసింది ఆమెకి అసలైన భయం.

"మావయ్యా, ఒంట్లో బాగుందా?"

"నా ఒంటికేం? ఆ బ్రష్షు ఇలా ఇయ్యి. నీళ్లు మోసి మోసి విసుగొచ్చింది," అంటూ ఆయన పంచె ఎగ్గట్టి నేలమీద కూర్చున్నాడు. తోటికోడలు ఒంటి చేత్తోనే వంగి వంగి రుద్దుతోంది. వీళ్లని వదిలి ఆ నీలం యూనిఫారం వేసుకునేది లేదని గచ్చక్క పళ్లు బిగించింది.

చీకటి పడేవేళకి హాలంతా మీగడరంగుకి వచ్చింది. ఊపుమీదున్న తోటికోడలు బ్రష్షుని వరండాలోకి తోసింది. గచ్చక్క చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"అక్కడితో ఆపు."

"ఇంకో రెండు పలకలే కదక్కా..."

"ఆపమన్నానా!"

సోమవారం పొద్దున ఒక ముసలామె గుమ్మంలోనే ఆగి, "కొత్తగా కట్టారా నాయనా?" అని కాళ్లు గోనెపట్టామీద తుడుచుకుని మరీ లోపలికొచ్చింది. పెద్దడాక్టరు చుట్టూ చూసి, బాగుందన్నట్టు తలూపి పైకెళ్లాడు. మేనేజరు ఛాతీ విరుచుకుని హాలంతా తిరిగాడు. తిరిగి తిరిగి వరండా మొదట్లో టక్కున ఆగాడు.

"ఇదేంటి, ఇంత నల్లగా ఉంది?"

"మొన్నటిదాకా హాలూ అలాగే ఉంది సార్," అంది గచ్చక్క.

"మరి ఇదెందుకు వదిలేశావ్?"

"హాల్లో మచ్చ పోవాలన్నారు, పోయింది. వరండా, మెట్లు, పై అంతస్తులూ మీరు సంతకం పెట్టాక. ముగ్గురం వస్తాం, ముగ్గురికీ జీతం."

మేనేజరు వరండా వైపు చూశాడు, హాలు వైపు చూశాడు, ఆమె వైపు అనుమానంగా చూశాడు.

"నిజం చెప్పమ్మా. కౌంటరు ముందు ఆ మచ్చ కూడా కావాలనే చేశావా?"

"అయ్యో, లేదు సార్. అది కోపంలో చేసిన పొరపాటు." గచ్చక్క కాలివేలితో మీగడరంగు ఆగిపోయి నలుపు మొదలైనచోట చూపించింది. "ఇది మాత్రం కావాలనే."

మేనేజరు పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.