యాలకులు వేసిన పాలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధిలో పేరు. ఎవరింట్లో కూర మాడినా సాయంత్రానికల్లా నా ద్వారానే ఊరంతా తెలుస్తుంది. అలాంటి నేను ఒక్క మాటను ఆరేళ్లుగా దాచాను. పాస్టరు గారికి చెప్పలేదు. మోకరించి ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పక్కకి తప్పుకుని వేరే వాళ్ల జ్వరాల గురించీ, పిల్లల పరీక్షల గురించీ అడుగుతూ కూర్చున్నాను. దేవుడికి తెలియదా? తెలుసు. అయినా నేను చెప్పలేదు. నా పేరు మీకు అక్కర్లేదు. మైపాడు పక్కన ఒక ఊరు, అంతవరకు చాలు.

నా తమ్ముణ్ణి నేను మోసం చేశాను. మంచం దిగలేని మనిషిని.

వాడు పదేళ్లు రొయ్యల చెరువుల మీద పనిచేశాడు. మేతలో మందులు కలపడం, చెరువంతా తిరిగి చల్లడం వాడి పని. ఒకరోజు రొయ్యలు పట్టి లోడు ఎత్తుతుంటే, లారీ మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. వెన్నులో నరం దెబ్బతింది. నడుము కింద స్పర్శ పోయింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక పొడి డబ్బా రాసిచ్చింది, రెండు పూటలా పాలలో కలిపి ఇమ్మని. "ఇది నరాన్ని అతికించే మందు కాదమ్మా. కండ కరగకుండా, వీపు పుండ్లు పడకుండా బలానికి. కాళ్లు వంచి చాపే వ్యాయామం మాత్రం మానొద్దు. ఒక్కోసారి కాళ్లు వాటంతటవే ఎగిరిపడతాయి, అది బాగుపడినట్టు కాదు" అని విడమరచి చెప్పింది. నేను అంతా విన్నాను. వాడు మాత్రం ఆ పొడి మీదే ప్రాణాలు పెట్టుకున్నాడు. పొద్దున కళ్లు తెరవగానే గూట్లో ఉన్న డబ్బా వైపు చూసేవాడు.

అమ్మా నాన్నా లేరు. మేమిద్దరమే. చెరువుల మందులమ్మే కొట్లో పొడులు తూచి సంచులు కట్టడం నా పని.

ఒక వానాకాలం మధ్యాహ్నం డబ్బాని వంటింట్లో మూత పెట్టకుండా వదిలేసి పనికి వెళ్లాను. పైకప్పు కారి డబ్బాలో నీళ్లు పడ్డాయి. వచ్చేసరికి పొడి ముద్దకట్టి ఉంది. వాగు పొంగి నెల్లూరు దారి మూసుకుపోయింది. వాడికి ఏమని చెప్పను? కొట్లో రొయ్యల మేతలో కలిపే తెల్లపొడి ఉంది. సంచి మీద చదివాను. కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ సి. డబ్బా మీద కూడా అవే పేర్లు. పేర్లు ఒకటైతే సరుకూ ఒకటే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. దారి తెరిచేదాకా రెండు మూడు రోజులే కదా అని, నీచు వాసన తెలియకుండా యాలకులు దంచి పాలలో వేశాను.

వాడు గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగాడు.

"ఏందక్కా, యాలకులేసినావా?"

"రుచిగా ఉంటాదని ఏసినా."

"డాక్టరమ్మ ఇచ్చిన పొడే గదా ఇది?"

"అదేరా. ఇంకేముంటాది?"

నా మొహం వంక కాసేపు చూశాడు. "సరేలే" అని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఒక్క గుక్కలో తాగేశాడు.

మూడో రోజు అమావాస్య. సాయంత్రం లైటు వేస్తుంటే దుప్పటి కింద వాడి ఎడమ బొటనవేలు కదిలింది. తర్వాత పాదం. తర్వాత రెండు మడమలూ మంచం ఇనప పట్టీకి టకటకా కొట్టుకున్నాయి. నడుము పైన మనిషి నిశ్చలంగా ఉన్నాడు. కింద కాళ్లు ఇంకెవరివో అయినట్టు ఎగురుతున్నాయి. వాడు వాటి వైపు చూడలేదు. నా వైపు చూసి నవ్వాడు. "అక్కా, గుల్ల ఇడస్తా ఉండా" అన్నాడు.

మీకు తెలియకపోతే చెప్తాను. అమావాస్యకీ పౌర్ణమికీ చెరువుల్లో రొయ్యలు పైగుల్ల విడుస్తాయి. ఆ పూట మెత్తబడి, కదలకుండా అడుగున పడి ఉంటాయి. కొత్త గుల్ల గట్టిపడాలని ఆ తెల్లపొడే మేతలో కలిపి చల్లుతారు. ఆ మధ్యాహ్నమే దాన్ని తూచి పంపిన చేతులు నావి.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాను. మేలు పొందినవాళ్లు లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం మాకు అలవాటు. తమ్ముడి కాళ్లలో కదలిక వచ్చిందని చెప్పి ఏడ్చాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆ వారమంతా జనం వచ్చి, మంచం చుట్టూ నిలబడి, దుప్పటి ఎత్తి ఆ వేలు చూసి పోయారు.

దారి తెరిచింది. కొత్త డబ్బా వచ్చింది. ఇంతవరకు జరిగింది పొరపాటు అనుకోండి. ఇక్కడి నుంచి కాదు. కొత్తదాన్ని సీలు తీయకుండా బియ్యం డ్రమ్ము వెనక దాచాను. పాత డబ్బా కడిగి ఆరబెట్టి రొయ్యల పొడి నింపాను. పొడి మారిస్తే కదలిక ఆగిపోతుందని భయపడ్డానా, నా సాక్ష్యం అబద్ధమైపోతుందని భయపడ్డానా? రెండోదే ఎక్కువ. కాళ్లు అవే కదులుతున్నాయి కదా అని వ్యాయామం చేయించడం కూడా మెల్లగా మానేశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక పొద్దున వాడికి చలిజ్వరం వచ్చింది. మూత్రపిండాల్లో రాళ్లన్నారు, చీము పట్టిందన్నారు. ఆసుపత్రిలో కొత్త డాక్టరు, ఇంట్లో ఏమేం ఇస్తున్నారో అన్నీ తెచ్చి చూపించమన్నాడు. ఇంటికి వెళ్లాను. డ్రమ్ము వెనక నుంచి డబ్బా తీశాను. సీలు చింపి, వాడుతున్నట్టు కనపడాలని సగం పొడి దొడ్లో పారబోశాను. మిగిలింది తీసుకెళ్లి డాక్టరు చేతికిచ్చాను. ఆయన చదివి తలాడించాడు. మంచం మీద నుంచి తమ్ముడు ఆ డబ్బాని చూశాడు, నన్ను చూశాడు. నాలుగో రోజు పోయాడు.

ఆ పొడి వల్లే పోయాడా? మంచం పట్టినవాళ్లకి రాళ్లు మామూలేనని నర్సు ఎవరితోనో అంటుంటే విన్నాను. కావచ్చు. తెలుసుకునే దారిని మాత్రం నేనే మూసేశాను.

నెల తర్వాత కొట్లో కొత్త సంచి విప్పాను. గుప్పున వాసన కొట్టింది. అప్పుడు బుర్రకెక్కింది. పదేళ్లు ఆ పొడిలో మోచేతుల దాకా ముంచి మేత కలిపిన మనిషిని నేను నాలుగు యాలకులతో ఏమార్చగలనా? వాడికి మొదటి గ్లాసుకే తెలుసు. డాక్టరమ్మ పొడే గదా అని అడిగింది నేను నిజం చెప్తానని. గుల్ల ఇడస్తా ఉండా అన్నది తెలుసని చెప్పడానికి. మరి ఎనిమిది నెలలు ఎందుకు తాగాడు? చర్చిలో నేను తల దించుకోకూడదనా? గుల్లని గట్టిపరిచేది తన ఎముకనీ గట్టిపరుస్తుందని ఆశపడ్డాడా? అడగడానికి వాడు లేడు.

ఆ మంచం ఇంకా ఇంట్లోనే ఉంది. అమావాస్య సాయంత్రాలు ఇనప పట్టీ టకటకమంటుంది. ఎండ తగ్గి ఇనుము సర్దుకునే చప్పుడక్కా అంటాడు పక్కింటి కుర్రాడు. ఇవాళ అమావాస్య. ఇది రాయడానికి ముందు మంచం పక్కన కూర్చుని, వాడు ఆరోజు అడిగినదానికి జవాబు చెప్పాను. "కాదురా. డాక్టరమ్మది కాదు. రొయ్యలది."

చప్పుడు ఆగలేదు. నాకు మాత్రం కాస్త ఊపిరాడింది.