రెక్క మొత్తం నల్లరంగే

నేరేడ్‌మెట్‌లో నా స్నేహితుడు సలీం ఇంట్లో ఇద్దరం కలిసి సినిమాల్లోని అంతరిక్ష నౌకల నమూనాలకు రంగులు వేసేవాళ్లం. కొత్త నౌక వాడి వాడి పాతబడినట్టు కనిపించాలని మసి, తుప్పు మరకలు దిద్దడంలో సలీంది మంచి చేయి.

పోయిన వానాకాలం ఒక ఆదివారం నేను వెళ్లేసరికి తెల్లని నౌక రెక్క ఒకటి మొత్తం నల్లబడి ఉంది. వాడింకా నల్లరంగు పూస్తూనే ఉన్నాడు.

"ఏందిరా, గింత నల్లగ చేసినవ్?" అని నవ్వాను.

సలీం బ్రష్ ఆపేశాడు. "నల్లగైందా? నాకు మరకలే కనిపిస్తలేవురా. అందుకే మళ్ల మళ్ల వేస్తున్న."

అప్పటికప్పుడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. షుగర్ వల్ల పోయిన చూపు తిరిగి రాదన్నారు.

ఇప్పుడు రంగులు నేనొక్కణ్ణే వేస్తున్నాను. పూర్తయ్యాక సలీం నౌకను చేతుల్లోకి తీసుకుని, "మంచిగొచ్చిందా?" అని అడుగుతాడు. ఒకప్పుడు ఆ మాట వాణ్ణి నేనడిగేవాణ్ణి.