పక్క ఫ్యాక్టరీ సైరన్

ముందు మీరు చెప్పండి, అందరి ఫోన్లలో తిరుగుతున్న ఆ వీడియోలో ఏం చూశారు? నవ్వడం ఆపి చెప్పండి! చీకటి గది, చేతులు పైకెత్తి కూర్చున్న ఆడవాళ్ళు, గోడ దగ్గర మెయిన్ స్విచ్ పట్టుకుని నిలబడ్డ ముసలిది. బ్యాంకు దోపిడీ అనుకున్నారు కదూ? ఆ ముసలిదాన్ని నేనే!

మా గార్మెంట్స్ ఫ్యాక్టరీ మూసేశారు. పొద్దున్నే పోతే గేటుకు తాళం. టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయాం. ఇంట్లో కూర్చుంటే మా అమ్మాయి "రెస్ట్ తీసుకోమ్మా" అంటుంది. ఏం రెస్టు? నలుగురి మధ్య పని చేసిన ఒళ్ళు ఇది, గోడల్ని చూస్తూ కూర్చోమంటే కూర్చుంటుందా?

ఇక్కడ బెంగళూరు హూడిలో పని పోయినవాళ్ళకు కంప్యూటర్ నేర్పుతున్నారంటే మా కుట్టు లైన్‌లోవాళ్ళం చాలామందిమి చేరాం. పరీక్ష పాసైతే దేవనహళ్ళి దగ్గర ఒక గోడౌన్‌లో పని ఇస్తారట. అందరం మళ్ళీ ఒకేచోట! అందుకోసం నేను ఆ మౌస్‌తో ఎంత కుస్తీ పట్టానో! బాణం కదలకపోతే కాలితో నేలను తొక్కేదాన్ని. "ఆంటీ, కింద పెడల్ లేదు!" అని మా టీచర్ దివ్య ఒకటే నవ్వు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో ఒకసారి ఊట సైరన్, అదే ఒంటిగంట భోజనం సైరన్, మోగగానే అందరూ తోసుకుంటూ లేచారు. ఎవరి కాలో మిషన్ పెడల్ మీద పడి, మా నాగమణి వేలిలో సూది దిగింది. ఆ రోజు నుంచి సైరన్ మోగితే "చేతులు తీయండి!" అని నేను అరవాలి. అందరూ చేతులు పైకెత్తి చూపించాలి. అప్పుడు నేను మెయిన్ స్విచ్ దించాలి. ఎవరూ చెప్పిన పని కాదు, నేనే పెట్టుకున్నా.

మొన్న పరీక్ష. రోజూ మా క్లాసు పన్నెండుకల్లా అయిపోతుంది. ఆ రోజు గోడౌన్ ఆయన ఆలస్యంగా వచ్చాడు, పరీక్ష ఒంటిగంట దాటింది. వాళ్ళ ఆఫీసుకు చూపించాలని ఆయన ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. నాకు చివరి ప్రశ్న మిగిలింది. జవాబు కూడా తెలుసు!

కూ... అని సైరన్.

పక్క వీధిలో ఏదో ఫ్యాక్టరీ ఉందట, నాకేం తెలుసు? ఆ మోత విని ఎన్నాళ్ళయింది! ఎప్పుడు లేచానో తెలియదు. "చేతులు తీయండి!" అని అరిచాను. చూడండి మా వాళ్ళ క్రమశిక్షణ, టకటకా అందరి చేతులూ పైకి! నేను ఠక్కున స్విచ్ దించేశా.

కిటికీలు లేని ఆ గదిలో లైట్లు, కంప్యూటర్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"అయ్యో ఆంటీ! ఏన్ మాడిద్రి!" ఏం చేశారని దివ్య కన్నడంలో అరిచి నెత్తి పట్టుకుంది. "అందరి టెస్టూ పోయింది!"

చీకట్లో నాగమణి ఇంకా చేతులు దించలేదు. "సరోజక్కా, ఊటకు ఏం తెచ్చినావు?" అంది.

"నీ తలకాయ తెచ్చినా! చేతులు దించవే!"

అంతే, గదంతా ఒకటే నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాం. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. అది మీ వీడియోలో ఉండదు, ఆయన అప్పటికే ఫోన్ జేబులో పెట్టేశాడు.

దయ ఉన్న మనిషే. "సోమవారం మళ్ళీ పెడదాం" అన్నాడు. "ఈ అమ్మను మాత్రం స్విచ్‌కు దూరంగా కూర్చోబెట్టండి."

దూరంగా కూర్చోబెడితే సరిపోతుందా? సోమవారం కూడా ఒంటిగంటకు అది మోగుతుంది. కంప్యూటర్ నేర్పారు, ఇంగ్లీషులో నమస్కారం పెట్టడం నేర్పారు, ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో కూడా నేర్పారు. సైరన్ మోగినా లేవకుండా కూర్చోవడం నేర్పే క్లాసు ఈ బెంగళూరులో ఎక్కడైనా ఉందా, మీకు తెలుసా?