మూరన్నర లోతులో మంచినీళ్లు

జూన్ రెండో ఆదివారం, మధ్యాహ్నం.

ఈ రోజే ఎందుకు రాస్తున్నానంటే... పులికాట్ సరస్సులోని మా చిన్న దీవిలో, రేపు మా వాళ్లు చెలమలో మోటరు దించబోతున్నారు. మిగిలింది ఆ ఒక్క చెలమే. అది చెడితే దీవిలో తాగడానికి చుక్క ఉండదు. దించవద్దని చెప్పే ముందు నేనొక తప్పు ఒప్పుకోవాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు... మా దీవిలో బావి లేదు. ఇసుక దిబ్బ పక్కన గుంట తవ్వితే కాసేపటికి అడుగున నీళ్లు ఊరేవి. అదే చెలమ. మా వరుసలో పదకొండు ఇళ్లకు అదే ఆధారం. లోతు మూరన్నర. వేలెడు ఎక్కువ తవ్వకూడదు, బకెట్ ముంచకూడదు. కొబ్బరి చిప్పతో పైపైన తోడి బిందెలో పోసి, మళ్లీ ఊరేదాకా గొంతుక్కూర్చోవాలి. ఒక బిందె నిండేసరికి ఆడవాళ్లు మూడు కీర్తనలు పాడేసేవారు.

మా అవ్వ చెప్పేది... "వాన నీళ్లు పైన పండుకోని ఉంటాయి మే. కింద ఉప్పునీళ్లు. పైనోళ్లను మెల్లగా లేపాల. గుంజితే కిందోళ్లు కూడా లేస్తారు."

ఆగస్టు చివర ఒక రోజు, ఒడ్డున ఉన్న మా బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తారన్నారు. ఎక్కాలు అప్పజెప్పాల్సింది నేను. పడవ కదిలే వేళయింది... బిందె సగమే నిండింది. చుట్టూ ఎవరూ లేరు. రెండు చేతులతో ఇంకో మూర లోతు తవ్వేశాను.

ఎన్ని నీళ్లో! ఒక్క చరణం పాడేలోగా బిందె నిండింది. ఇంత సులువైన పని పెద్దవాళ్లకు ఎందుకు తోచలేదా అనుకుంటూ పడవెక్కాను. పందొమ్మిదో ఎక్కం దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పాను కూడా.

సాయంత్రం తిరిగొచ్చేసరికి చెలమ చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పు. మా వరుస చివరింట్లో మార్తక్క ఎనిమిది రోజుల బాలింత... ఆమెకు కాచిన గంజి కూడా పారబోశారు.

అవ్వ నన్ను కొట్టలేదు. తిట్టలేదు. చెయ్యి పట్టుకుని, మా ఇల్లు పోను మిగిలిన పది ఇళ్లకూ తిప్పింది. ప్రతి గడప దగ్గరా "చెలమ చెడగొట్టింది నేనే" అని నా నోటితో చెప్పించింది.

"పాతాళం చూడబోయినావా మే? ఏం కనపడింది?" అన్నారు ఒకరు.

"ఎక్కాలన్నీ వచ్చుగానీ మూరన్నర లెక్క రాలేదా నీకు!" అన్నారు ఇంకొకరు.

పదో ఇల్లు మార్తక్కది. అప్పటికి ఏడ్చి ఏడ్చి నాకు మాట కూడా రావడం లేదు. పసిబిడ్డను పక్కన పడుకోబెట్టి, ఆమె నన్నే చూసింది. "గొంతు ఎండిపోయింది పిల్లకి... ఆ కుండలో నిన్నటి నీళ్లు ఉండాయి, పోయండత్తా" అంది వాళ్ల అత్తతో. అర గ్లాసు వచ్చాయి. వద్దని తల ఊపాను. అవ్వ తాగమని కళ్లతోనే చెప్పింది... తాగాను.

చెలమ పూడ్చేశారు. వానలు పడేదాకా నలభై మూడు రోజులు మా నాయన ఒడ్డు నుంచి పడవలో నీళ్లు తెచ్చాడు. మొదటి బిందె రోజూ మార్తక్కకే.

ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. నా బెత్తానికి భయపడినవాళ్లలో చాలామంది ఇది చదువుతారు. మీ టీచరమ్మ చేసిన తప్పు ఇది.

అప్పట్లో ఆ చెలమ నుంచి సరస్సు అంచుకు నా అడుగులతో నూట పన్నెండు. మొన్న ఈస్టరుకు వెళ్లి చూస్తే, చెలమ ఉన్న చోట మోకాలి లోతు నీళ్లు... సముద్రం పెరుగుతోంది. ఇదివరకు ఎరగని మిట్టల మీదికి పోటు వస్తోంది. మా వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చెలమను రెండుసార్లు పైకి జరుపుకున్నారు. కొత్త ఇళ్లకు అరుగులు నడుమెత్తు లేపారు. అయినా ఇప్పుడు మూర లోతుకే ఉప్పు తగులుతోంది.

పొద్దున ఆరాధన నుంచి రాగానే తమ్ముడు సమూయేలు ఫోను చేశాడు. "అక్కా, ఆడోళ్లంతా కలిసి మోటరు తెచ్చినారు. రేపు పదడుగులు తవ్వుతారంట. నేను చెప్తే ముసలోడి గొణుగుడంటున్నారు."

ఫోను వాడి కోడలు రూతు అందుకుంది. "పెద్దమ్మా, మీకేం... కుళాయి తిప్పితే వస్తాయి. రెండు బిందెలకు పూటంతా కూర్చుంటే మా మోకాళ్లు ఏం గావాల?"

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు.

అప్పుడు ఉప్పును నేను తవ్వి పైకి తెచ్చాను... ఇప్పుడు ఎవరూ తవ్వకుండానే అది పైకి వస్తోంది. అందుకని, జరగాల్సినవి:

1. రేపు చెలమలో మోటరు దించకూడదు. లోతు ముప్పావు మూర దాటకూడదు.

2. అక్టోబరు వానలకు ముందే ప్రార్థన మందిరం పక్కన సిమెంటు తొట్టి కట్టాలి. మిద్దె మీద పడిన వాన అందులోకి దిగాలి. గొట్టాలు నేను తెస్తాను. మోటరు ఆ తొట్టికి బిగించుకోండి.

3. అప్పటిదాకా చెలమ దగ్గర మగవాళ్లూ వంతు కూర్చోవాలి. సమూయేలూ, మొదటి వంతు నీది. కీర్తనలు రాకపోతే ఎక్కాలు చదువుకో.

4. ఉప్పు పక్కనే ఉండి మంచినీళ్లు కాపాడుకున్న ఊళ్లవాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ పెద్దవాళ్లు ఏం చేసేవారో కింద రాయండి. మాకు ఇప్పుడు అవసరం.

5. రూతూ, రేపు ఎనిమిది గంటల పడవకు వస్తున్నాను. నేను దిగేదాకా గడ్డపార ముట్టుకోవద్దు. నీ రెండు బిందెలు నేను పడతాను... నువ్వు పక్కన కాళ్లు చాపుకుని కూర్చో.