అభ్యంతరం రాయడానికి వచ్చిన నాన్న

రిజిస్ట్రారు ఆఫీసులో మా పెళ్లి నోటీసు చేతిలో పట్టుకుని గుమాస్తా నా వైపు చూశాడు. "బోర్డులో కింద మూలకు అంటించేదామ్మా? ఇట్లా పెండ్లిండ్లోళ్లంతా అట్లే అడుగుతారు."

"వద్దన్నా. నిలబడినోళ్ల కండ్లకు ఆనేటట్టు పెట్టండి," అన్నాను.

పెళ్లికొడుకు నా పక్కనే ఉన్నాడు. ప్రొద్దుటూరులో ఏసీలు బాగుచేసే ముస్లిం అతను. నేను అక్కడే ఒక బడిలో లెక్కలు చెప్పే హిందువుల అమ్మాయిని. ఇద్దరం మతం మారదలచుకోలేదు. అలాంటివాళ్లు ముందుగా ఊరందరికీ తెలియజేసి ముప్పై రోజులు ఆగాలి. ఆలోపు ఎవరైనా అభ్యంతరం రాసిస్తే విచారణ. పెళ్లిచూపుల్లో రెండు మాటలు మాట్లాడుకున్న జంటను ఎవరూ ఆగమనరు. నాలుగేళ్లు ఆలోచించి వచ్చిన మమ్మల్ని మాత్రం ఇంకో నెల ఆలోచించుకోమంటారు. ఈ నిబంధన అవమానమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మూలన దాక్కోవడం అంతకన్నా పెద్ద అవమానం.

నోటీసును ఎవరో ఫోటో తీశారు. మధ్యాహ్నానికి అది జమ్మలమడుగులో మా నాన్న ఫోనుకు చేరింది. ఆయనా బడిపంతులే. మూడో రోజు పులివెందుల మామను వెంటబెట్టుకుని ఆఫీసుకు వస్తున్నాడని అమ్మ చెబితే, నేనూ వెళ్లి కూర్చున్నాను.

గుమాస్తా నాన్నకు తెల్లకాగితం ఇచ్చాడు. "కారణం రాయండి సార్."

"మాకు ఇష్టంల్యా," అన్నాడు మామ.

"అది చెల్లదప్పా. వయసు చాలకపోవాల, ముందే పెండ్లయి ఉండాల, దగ్గరి రక్తసంబంధమన్నా ఉండాల. అదీ కాదంటే మతి సరిగా లేదనాల."

మామ కుర్చీ ముందుకు జరిపాడు. "అదే రాయి బావా. మతి చెడిందని రాయి. విచారణంటా తిప్పుతాంటారు, ఆలోపల పిల్లను ఇంటికి తీసకపోదాం."

నాన్న పెన్ను మూత తీశాడు. ఆ ఒక్క వాక్యం పడితే పెళ్లి ఆగడమే కాదు, నేను ఇక ఏం మాట్లాడినా పిచ్చిమాటే అవుతుంది.

"రాస్తే రాయి నాన్నా," అన్నాను. "యాడ విచారించినా జవాబు చెప్పుకుంటా. ఆ నోటీసు మాత్రం తీయించను."

ఆయన నా వైపు చూడలేదు. మామతో అన్నాడు: "దానికి మతి ఉండబట్టే గదప్పా మనం ఈడికొచ్చింది. అబద్ధం నా చేత్తో రాయను."

"మల్ల పరువు?"

"అదెప్పుడో పాయ. పద."

నెల నిండాక సంతకాలు చేశాం. నాన్న రాలేదు, దీవించలేదు. నేను క్షమాపణ అడగలేదు. ఆయన చేతగానివాడు కాబట్టే కూతురు చేయిజారిందని మావాళ్లు ఇప్పటికీ అంటుంటారు. నా ముందు అంటే మాత్రం ఊరుకోను.