వరసలో అప్ప బిందె

మే నెల ఎండ. పొద్దు బాగా ఎక్కకముందే ఇనుప చువ్వలు పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. భిలాయిలో, ఉతై రోడ్డు మీద ఒక మేడకి శ్లాబు వేస్తున్నాం. నేను తాపీతో కాంక్రీటు సరిచేస్తుంటే, మా వీధిలో ఉండే మంగల్ రిక్షా తొక్కుకుంటూ వచ్చి కిందే నిలబడ్డాడు. పైకి రమ్మంటే రాలేదు.

"భయ్యా, దీదీ గుజర్ గయీ," అన్నాడు, అక్క చనిపోయిందని.

మంగల్ దీదీ అని పిలిచేది మా వీధిలో ఒక్కరినే. మాకు ఆమె అప్ప. శ్రీకాకుళం వైపు అక్కని అలాగే పిలుస్తాం. శ్లాబు పోత మధ్యలో ఆగకూడదు. అయినా మేస్త్రి నా చేతిలో తాపీ తీసుకుని వెళ్లమన్నాడు.

రిక్షా ఎక్కాక, ఎక్కడ పోయిందని అడిగాను. "లైన్ మే," అన్నాడు మంగల్. రిక్షాని మరోదాలో ఉన్న మా బస్తీ వైపు తిప్పాడు.

లైను అంటే నీళ్ల ట్యాంకరు లైను. వేసవి వచ్చేసరికి మా బస్తీలో బోరింగులు ఎండిపోతాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. తెల్లారగానే బిందెలు వరసగా పెట్టి, మేం గోడ నీడన కూర్చుంటాం. ఎవరైనా కునుకు తీసినా, బిడ్డకి పాలివ్వడానికి ఇంటికెళ్లినా, వెనకవాళ్లు ఆ బిందెని ముందుకి జరపాలి. వంతు వస్తే నింపి పక్కన పెట్టాలి. ఈ కట్టుబాటు పెట్టింది అప్పే. అంతకుముందు అక్కడ రోజూ జుట్లు పట్టుకునేవారు.

ఆ ఉదయం అప్ప గోడకి చేరబడి, ముఖం మీద కొంగు కప్పుకుని కూర్చుంది. ట్యాంకరు వచ్చింది. లైను కదిలింది. వెనకనున్న నరసమ్మ తన బిందెతోపాటు అప్ప బిందెనీ జరుపుకుంటూ వెళ్లింది. వంతు రాగానే నింపింది.

నేను వెళ్లేసరికి నరసమ్మ వచ్చినవాళ్లందరికీ అదే చెబుతోంది. "బిందె నిండిపోనాది అప్పా, లెగు, అన్నాను. లెగనేదు. రాత్రి నిద్ర నేదేటో, పడుకోనీ అనుకున్నాను. నా బిందె కూడా నింపుకున్నాను. అప్పుడెల్లి కొంగు తీసినాను."

ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ట్యాంకరు రాకముందే అని కొందరంటారు. మనిషి పోయాక కూడా బిందె వరస తప్పకుండా ముందుకి జరిగింది. నెల కావస్తున్నా నాకిది మింగుడుపడటం లేదు. అందుకే రాస్తున్నాను.

అప్ప భర్త ఈ ఊరి ఉక్కు ఫ్యాక్టరీలో కట్టుబడి పనులకని వచ్చి, పర్మనెంటు ఉద్యోగం రాకుండానే పోయాడు. ఆమె రేజా పని చేసేది. తట్టలు మోసే ఆడకూలీని ఇక్కడ రేజా అంటారు. మా బస్తీ గోడకి అవతల వరసగా ఫ్యాక్టరీ ఉద్యోగుల క్వార్టర్లున్నాయి. వాటిలో చాలావాటికి ఇటుకలు మోసింది అప్పే. అక్కడ సాయంత్రాలు గడ్డికి పైపుతో నీళ్లు కొడతారు. ఆ చప్పుడు ఇటు వినిపిస్తుంది. ఒకరోజు అది వింటూ అంది: "గడ్డికి దాహమేత్తే పైపెట్టి తడుపుతారు. మనకి దాహమేత్తే కాయితం రాసి పట్టుకు రమ్మంటారు."

కోపంగా అన్న మాట కాదది. ఆమె గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు డ్రైవరు రెండు పెద్ద డబ్బాలు తెచ్చి నేరుగా ట్యాంకరు దగ్గరికి వెళ్లాడు. సాబ్ ఇంట్లో ఫంక్షనన్నాడు. మనవాడే, తెలుగువాడు.

"సాబుకి దాహమేసినాదేటి, పాపం," అంది అప్ప. "బిందట్టుకుని లైనుకి రమ్మను నాయినా. నా పక్కన నీడకాడ జాగా ఇత్తాను."

లైనంతా నవ్వింది. డ్రైవరు డబ్బాలు తీసుకెళ్లి చివర పెట్టుకున్నాడు. నేను ఈ బస్తీకి కొత్తగా వచ్చినప్పుడు నా బిందెకీ అప్పే జాగా చూపించింది, తన బిందెకి ముందు.

పోయిన ఎన్నికల ముందు రాజధాని నుంచి ఒక నాయకుడు వచ్చాడు. అంతకు రెండు రోజుల ముందు మా వీధి మొదట్లో పైపు పాతి కొళాయి బిగించారు. దానికి బంతిపూల దండ వేశారు. మొదటి బిందె పట్టడానికి అప్పని పిలిచారు. కొళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. కార్లు కదలగానే ధార సన్నబడి ఆగిపోయింది. బిందె సగమే నిండింది. వెళ్లి చూస్తే బడిగోడ వెనక ఒక ట్యాంకరు, దాన్నుంచి మా కొళాయికి ఒక రబ్బరు గొట్టం. గొట్టం చుట్టుకుని ట్యాంకరు వెళ్లిపోయింది.

మేం బూతులు తిట్టి ఊరుకున్నాం. అప్ప ఊరుకోలేదు.

"అందరి కళ్లముందరా బిందె పట్టినది నానే," అంది నాతో. "నీళ్లొచ్చినాయని సాచ్చికం నానే కదా. ఆళ్లు ఆడినది అబద్ధమైతే, నానూ ఆడినట్టే. ఆ కొళాయిల నీళ్లొచ్చే వరకూ ఆళ్లనొగ్గను."

పని లేని ప్రతిరోజూ నీళ్ల ఆఫీసుకి నడిచి వెళ్లేది. ఒకసారి నేనూ వెళ్లాను. గుమస్తా హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. మీ వీధిలో కొళాయి ఉన్నట్టు మా దగ్గర రాసి ఉంది, ఉన్నచోట మళ్లీ ఎలా ఇస్తామన్నాడు.

"హై సాబ్," అంది అప్ప. "ఆకే ఏక్ గిలాస్ పీకే జావో."

ఉంది, వచ్చి ఒక గ్లాసు తాగి వెళ్లమన్న ఆ మాటకి గుమస్తా కూడా నవ్వాడు. ఎవరూ రాలేదు.

రోజూ పనికి వెళ్తూ ఆమె ఆ కొళాయి తిప్పి చూసేది. కాసేపు నిలబడి, మళ్లీ గట్టిగా కట్టేసేది.

"నీళ్లు రాని కొళాయిని కట్టడమేటి అప్పా?" అన్నాను ఒకరోజు.

"ఇప్పీసి ఎల్లిపోనామనుకో, మనం నేనప్పుడు నీళ్లొత్తే? అన్నీ పారిపోవేటి?"

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం జీపు వచ్చింది. ఎన్నాళ్లుగానో పిలిచినా రాని నీళ్ల ఆఫీసరు దిగాడు. ఆమె వయసెంత, ముందునుంచీ జబ్బేమైనా ఉందా అని అడిగాడు. కొళాయి దగ్గరికి వెళ్లి తిప్పాడు. ఏమీ రాలేదు. రుమాలుతో చెయ్యి తుడుచుకుని, రేపటినుంచి ట్యాంకరు రెండుసార్లు పంపిస్తామన్నాడు.

అప్ప కూతురు పక్కనే ఉన్న భిలాయి-3 నుంచి వచ్చింది. "అమ్మ బిందేదీ?" అని అడిగింది. మెడ దగ్గర సొట్టపడిన స్టీలు బిందె, పొద్దున్న నరసమ్మ నింపినది, గడపలో అలాగే ఉంది. ఆ నీళ్లతోనే అప్పకి స్నానం చేయించారు. చాలలేదు. పొద్దున్న లైనులో ఉన్నవాళ్లు తలా ఒక చెంబు తెచ్చి పోశారు.

పాడె వీధి మొదటికి వచ్చింది. ఆఫీసరు తిప్పిన కొళాయి తెరిచే ఉంది. వెనక వస్తున్న ఆడవాళ్లలోంచి నరసమ్మ పక్కకి వెళ్లి, దాన్ని రెండు చేతులతో గట్టిగా కట్టేసింది.

ట్యాంకరు పొద్దున్నే వెళ్లిపోయింది. జీపు మధ్యాహ్నం వెళ్లింది. అప్ప సాయంత్రం వెళ్లింది.