వేటకిచ్చిన కౌలు

కెనడాలో కిచెనర్ ఊరు దాటి పడమరగా కొంత దూరం వెళ్తే మా పొలం వస్తుంది. దాని వెనక చిన్న అడవి. ఉద్యోగాలు మానేశాక అక్కడే ఉందామని మా ఆయన పట్టుబట్టి కొన్నారు. పొలంలో పక్క రైతు సోయా వేసుకుంటాడు. అడవితో ఎవరికీ పని ఉండదనుకున్నాం. మొదటి నవంబరులోనే, జింకల వేట సీజన్ మొదలవగానే, ఆ భ్రమ తీరిపోయింది. తెల్లవారీ తెల్లవారకముందే తుపాకీ మోతలు. కంచె పక్కన ఎవరిదో ట్రక్కు. మా ఆయన అడుగుదామని వెళ్లేసరికి మనుషులు లేరు, ఆకుల మీద నెత్తురు మాత్రం ఉంది. లోపలికి రావద్దని బోర్డులు పెడితే, ఆ బోర్డుల్నే గురి చూసి కాల్చిపోయారు.

"నమ్మకమైన వాళ్లకి కౌలుకిచ్చెయ్యండి. వాళ్లుంటే దారిన పోయేవాళ్లు దూరరు" అన్నాడు పక్క రైతు.

కౌలంటే నాకు తెలిసింది తణుకు దగ్గర మా నాన్నగారి వరి చేలు. వేటకు కౌలివ్వడమేమిటో మింగుడుపడలేదు. ఉన్న తుపాకులు చాలవన్నట్టు మనమే పిలిచి మరీ ఇంకొకరి చేతికివ్వాలా అని మా ఆయనతో వాదించాను.

రైతు పంపగా వచ్చినవాళ్లు ఒక అక్కా తమ్ముడూ. ఆవిడ చాలాకాలం స్కూల్ బస్సు నడిపిందట. తమ్ముడు అడిగితే తప్ప మాట్లాడడు. ఇద్దరూ గుమ్మంలోనే బూట్లు విప్పేశారు. ఆవిడ జింకల గురించి ఒక్క మాటా అడగలేదు. మా ఇంట్లో ఎవరెవరుంటారు, అడవిలోకి ఎవరు ఏ వేళప్పుడు వెళ్తారు అని అడిగింది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక మేము అడవిలో నడుస్తామని, ఆ రోజు వేట వద్దని చెప్పాను. తమకూ అది చర్చికి వెళ్లే రోజేనంది. వెళ్లే ముందు, వేటగాళ్లకి దూరం నుంచే మనిషని తెలిసేలా, మాకు చెరొక నారింజ రంగు జాకెట్ ఇచ్చి, సీజన్లో ఇవి లేకుండా చెట్లలోకి అడుగు పెట్టొద్దని, అడవిలోకి వచ్చే ముందు తనకి ఫోన్ చెయ్యమని చెప్పింది. మాట తీరు చూసి సరేనన్నాను గాని, నా భయం పూర్తిగా పోలేదు.

తర్వాతి నవంబరు, ఒక శనివారం పొద్దున నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. ఒషావాలో చదువుతున్న మా అమ్మాయి వారాంతానికని ఇంటికి వచ్చింది. అడవి వైపు నుంచి ఒక్క మోత వినిపించింది. కౌలు వాళ్లదేలే అనుకుని, మా ఆయనకి చెబుదామని పిలిచాను. పలకలేదు. ఆయన ఫోన్ బల్ల మీదే ఉంది. గరాజ్‌లోకి వెళ్లి చూస్తే నారింజ జాకెట్ మేకుకు వేలాడుతోంది. గోధుమరంగు కోటు లేదు. జింక రంగు కోటు.

"మీ డాడీ అడవిలోకి వెళ్లారే" అన్నాను.

"మమ్మీ, గెట్ ఇన్ ద కార్" అంది అమ్మాయి.

దారిలో వేటగత్తెకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పొలం చివర కారాపి అమ్మాయి అదేపనిగా హారన్ కొట్టింది. నేను దిగి నిలబడ్డాను. ప్రభువా అన్న మాట తప్ప ప్రార్థనకి ఇంకేమీ రాలేదు.

చెట్ల మధ్య నారింజ రంగు కదిలింది. ముందు ఆవిడ, వెనకే ఆవిడ టోపీ పెట్టుకుని మా ఆయన. చేతిలో ఫ్లాస్కు మూత. అందులో కాఫీ.

తడి నేల మీదే కూర్చుండిపోయాను.

"మా తమ్ముడు వాగు అవతల జింకని కొట్టాడు. అప్పటికే ఈయన నా పక్కన కూర్చుని ఉన్నారు" అందావిడ. "మొదట ఆకుల చప్పుడే విన్నాను. ఏమిటో కళ్లతో చూసేదాకా నేను తుపాకీ ఎత్తను. ఈయన కనపడగానే తూటాలు తీసేసి, తమ్ముడికి మెసేజ్ పెట్టాను. మీ ఫోన్ వినపడలేదు, సైలెంట్‌లో ఉంది."

"జాకెట్ ఏదండీ?" అన్నాను మా ఆయనతో.

"మర్చిపోయాను. గాలికి కంచె మీద కొమ్మేమైనా పడిందేమో చూసొద్దామని..."

తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. ఆవిడ తుపాకీ పక్కన పెట్టి నా దగ్గర చతికిలబడింది. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చెట్ల వెనక ఈవిడ కాక, పాత ట్రక్కు వాళ్లెవరైనా ఉండి ఉంటే ఏమయ్యేదో అప్పుడు తట్టింది. ఈవిడ ఉంది. ఆ సంగతి మనసులోకి దిగేకొద్దీ ఒళ్లంతా తేలికైంది.

మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లను భోజనానికి కూర్చోబెట్టాను. తమ్ముడు ఆవకాయ తిని నీళ్లు తాగి, మళ్లీ వేసుకున్నాడు. మా ఆయన తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకుని తింటున్నారు.

"డాడ్, యు ఆర్ గ్రౌండెడ్. ఇంక ఇంట్లోంచి కదలకూడదు" అంది అమ్మాయి.

అందరికంటే ముందు నవ్వింది నేనే. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, కంచంలో అన్నం పెట్టుకున్నాను.